దసరా డ్యూటీకి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇచ్చిన్రు, వాడుకోనిస్తలేరు. అర్ధరాత్రి ఇంటికి బండి గూడ లేదు. ఏం చెయ్యాలె?

కౌంటర్4_బోరబండ | 2025 అక్టోబర్ 7, రాత్రి 10:50

అందరికి నమస్తే. నేను కూకట్‌పల్లిల ఒక సూపర్‌మార్కెట్‌ల బిల్లింగ్ చేస్త. నాలుగేండ్లయితుంది. షాపు పేరు రాస్తలేను, రేపు పొద్దుగాల మళ్ళ ఆడికే పోవాలె నేను. ఉండేది బోరబండ, సొంతూరు సిద్దిపేట దిక్కు.

ఈసారి దసరా, గాంధీ జయంతి రెండు ఒక్కటే రోజు పడ్డయి గదా, అక్టోబర్ 2. గాంధీ జయంతికి మటన్ షాపులు, వైన్సులు బంద్. అందుకే జనమంత 1వ తారీఖు రాత్రే బజార్ల మీద పడ్డరు. మా షాపుల అల్లం వెల్లుల్లి పేస్టు, మసాల ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, నూనె డబ్బాలు, ఇగ ట్రాలీల మీద ట్రాలీలు. నా షిఫ్టు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి తొమ్మిదింటి దాక. తొమ్మిదింటికి లేవనియ్యలే. షట్టర్ దించేసరికి పదకొండున్నర దాటింది, క్యాష్ టాలీ చేస్తే మూడు వందల నలభై తేడా వచ్చింది. మళ్ళ మొదటి నుంచి లెక్కపెట్టినం. ఒక యూపీఐ బిల్లును క్యాష్ కింద కొట్టిన అని దొరికింది. బయటికి వచ్చేసరికి 12:40.

మెట్రో ఆఖరి రైలు అప్పటికే పోయింది. లేడీస్‌కు షాపు వ్యాన్ల డ్రాప్ ఇస్తమని పొద్దున మీటింగ్‌ల చెప్పిన్రు. ఆ వ్యాన్‌ను ఆన్‌లైన్ ఆర్డర్లకు నిజాంపేట పంపిన్రంట. నేను, ఇంకో చెల్లె ఇద్దరం రోడ్డు మీద ఇరవై నిమిషాలు నిలబడ్డం. ఆటో ఆయన నాలుగు వందలు అన్నడు. మామూలు రోజైతే నేను మెట్రో ఎక్కి భరత్‌నగర్‌ల దిగి, షేర్ ఆటోల మోతీనగర్ మీదికెళ్ళి ఇల్లు చేరుత, యాభై రూపాయలల్ల అయిపోతది. ఆ చెల్లె మూసాపేట్‌ల దిగిపోయింది. ఆడి నుంచి మా గల్లీ దాక ఆటోల నేనొక్కదాన్నే. మా ఆయన ఫోన్ల మాట్లాడుకుంటనే గల్లీ మొదట్ల నిలబడ్డడు.

మళ్ళ తెల్లారి దసరా రోజు తొమ్మిదింటికి డ్యూటీ. మేనేజర్ సారు కౌంటర్లకు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టిన్రు. నా స్కానర్‌కు గూడ బొట్టు పెట్టిన్రు. సాయంత్రం దాక ఉన్న. ఆరున్నరకు ఒక పెద్దాయన పాల ప్యాకెట్ కోసం వచ్చి, చేతిల ఉన్న జమ్మి ఆకులల్ల రెండు తెంపి నాకిచ్చి "బంగారం తీసుకో బిడ్డా" అన్నడు. వంగి కాళ్ళకు మొక్కుదామంటే నడుమ కౌంటర్ అడ్డం. ఆ ఆకులు క్యాష్ డ్రాయర్ల ఐదు వందల నోట్ల అరల పెట్టిన. ఊర్ల మా అమ్మ జమ్మి దగ్గరికి పోయి, వీడియో కాల్ చేస్తే ఎత్తలేకపోయిన. పిల్లగాడు మా ఆయనతోని పోయి పాలపిట్టను చూసొచ్చిండు.

ఇగ నా ప్రశ్నలు. 2వ తారీఖు పని చేసినందుకు పైసలు ఇయ్యలే. హాజరు యాప్‌ల "కాంప్ ఆఫ్ 1" అని వచ్చింది. కింద సన్నగ "30 రోజుల్లో వాడుకోవాలి" అని ఉంది. అంటే నవంబర్ 1 దాక. ఇగ దీపావళి 20వ తారీఖు ఉందని 10 నుంచి 26 దాక ఎవ్వరికి సెలవులు లేవని నోటీసు పెట్టిన్రు. ఆ తర్వాత దినాలకు అడిగితే "స్టాఫ్ తక్కువున్నరు, చూద్దాం" అంటున్నరు. పోయిన ఏడు గూడ నాకు రెండు కాంప్ ఆఫ్‌లు గిట్లనే పోయినయి.

ఆ రోజు డ్యూటీకి రాని వాళ్ళకేమో వాళ్ళ వారం సెలవును పండుగ పడ్డ గురువారానికి జరిపి రాసిన్రు. అంటే వాళ్ళకు పండుగ సెలవు లేనట్టే గదా?

రెండు సెలవులు ఒకటే రోజు వస్తే ఒకటే లెక్కనా?

ఆటో పైసలు అడిగితే "బిల్లు ఏది?" అన్నరు. ఆటో ఆయన బిల్లు ఇస్తడా?

నేను పండుగ నాడు పని చెయ్య అంటలేను. షాపుల పని అంటే అట్లనే ఉంటది, తెలిసే వచ్చిన. చేసిన రోజుకు పైసలు, రాత్రి అయితే ఇంటికి బండి. అడగొచ్చా, ఎట్ల అడగాలె? తెలిసినోళ్ళు చెప్పండి.

---

పేరోల్_పాతకాపు | అక్టోబర్ 7, రాత్రి 11:35

అమ్మా, ఇరవై రెండేళ్ళు జీతాల లెక్కలు రాసినవాణ్ణి, రిటైల్ కంపెనీల్లో పదకొండేళ్ళు. మీరు అడిగినవన్నీ అడగదగ్గవే.

1974లో చేసిన పారిశ్రామిక సంస్థల జాతీయ, పండుగ సెలవుల చట్టం ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసింది, విడిపోయాక తెలంగాణలోనూ అదే నడుస్తోంది. పేరులో పారిశ్రామిక అని ఉంది కాబట్టి ఫ్యాక్టరీలకే అనుకుంటారు చాలామంది, హెచ్ఆర్ వాళ్ళు కూడా. షాపులకూ వర్తిస్తుంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 సెలవులు ఇవ్వాల్సిందే. వాటిపైన పండుగ సెలవులు కొన్ని ఉంటాయి. ఆ రోజు పని చేయించుకుంటే రెండు దారులే: రెట్టింపు వేతనం ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనంతో పాటు బదులుగా మరో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి.

"రెట్టింపు" అన్న చోట అందరూ తికమక పడతారు. మీది నెలజీతం. పండుగనాడు ఇంట్లో కూర్చున్నా ఆ రోజు జీతం మీ నెలజీతంలో ఉన్నట్టే. పని చేశారు కాబట్టి దానిపైన ఇంకో రోజు వేతనం రావాలి. రెండూ కలిపితే రెట్టింపు. అంతేగానీ జీతం మీద ఇంకో రెండు రోజులు కాదు. ఈ మాట ముందే స్పష్టంగా ఉంటే మేనేజరు "నువ్వు మూడింతలు అడుగుతున్నావు" అనే అవకాశం ఉండదు.

కాంప్ ఆఫ్ ఇవ్వడం తప్పు కాదు. అది రెండో దారి. కానీ ఇచ్చామని యాప్‌లో అంకె వేసి, తీసుకోబోతే గేటు మూసేసి, గడువు దాటిందని చెరిపేస్తే అది ఇచ్చినట్టు ఎలా అవుతుంది? 30 రోజుల గడువు కంపెనీ పెట్టుకున్నది. బదులు సెలవు ఇవ్వలేకపోతే పైసలివ్వాలి, నా లెక్క ప్రకారం మూడో దారి లేదు. మీరు చేయాల్సింది ఇదీ: ఈ వారమే ఏదో ఒక తేదీకి కాంప్ ఆఫ్ దరఖాస్తు యాప్‌లోనే పెట్టండి. తిరస్కరిస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మళ్ళీ ఇంకో తేదీకి పెట్టండి. నోటితో అడిగి నోటితో కాదనిపించుకుంటే రేపు చూపించడానికి ఏమీ ఉండదు.

వారం సెలవును గురువారానికి జరిపిన సంగతి. వారం సెలవు వచ్చేది 1988 షాపుల చట్టం కింద, పండుగ సెలవు వచ్చేది 1974 చట్టం కింద. ఒక జేబులోది తీసి ఇంకో జేబులో వేసి రెండూ ఇచ్చామంటే కుదరదు. ఇది నేను స్వయంగా చూసిన తప్పు. ఒకచోట నాతోనే అలా రాయించారు, రాశాను. ఆ నెల జీతం పట్టిక ఇప్పటికీ గుర్తుంటుంది నాకు.

రెండు సెలవులు ఒకే రోజు పడితే: ఏటా సెలవుల జాబితా కార్మిక శాఖకు పంపి, షాపులో అందరికీ కనబడేలా పెట్టాలి. మీ షాపు జాబితా చూడండి. అందులో అక్టోబర్ 2ను గాంధీ జయంతి కిందా, దసరా కిందా రెండుసార్లు లెక్కపెట్టి ఉంటే పండుగ సెలవుల్లో ఒకటి తగ్గినట్టే. ఒకసారే లెక్కపెట్టి వేరే పండుగ చేర్చి ఉంటే గొడవ లేదు. జాబితా చూడకుండా దీనిపై వాదనకు దిగకండి.

ఇంకోటి, 1వ తారీఖు ఒంటి గంట నుంచి 12:40 దాకా అంటే దాదాపు పన్నెండు గంటలు. షాపుల్లో పని రోజుకు 8, వారానికి 48 గంటలు. ఆపైన చేసిన గంటలకు రెట్టింపు రేటు. ఇది పండుగ వేతనం కాదు, వేరే పద్దు. మీరు ఆటో నాలుగు వందల దగ్గరే ఆగిపోయారు, ఓటీ (ఓవర్‌టైం) అడగడం మరిచిపోయారు.

---

మియాపూర్_స్టోర్‌బాయ్ | అక్టోబర్ 8, ఉదయం 7:15

అక్కా, ఇవన్ని రాసిచ్చినవనుకో, వచ్చే నెల రోస్టర్ల నీ పేరు ఉండదు. మా దగ్గర ఒకన్న అడిగిండు, పటాన్‌చెరు బ్రాంచికి వేసిన్రు. వారంలనే మానేసిండు. ఆలోచించి చెయ్యి.

---

కౌంటర్4_బోరబండ | అక్టోబర్ 8, ఉదయం 8:05

తమ్మి, భయం నాకు గూడ ఉన్నది. అందుకే షాపు పేరు పెట్టలే. కాని పోయిన ఏడు రెండు రోజులు, ఈ ఏడు ఒకటి, ఇగ దీపావళి. అడగకుంటే ప్రతి పండుగకు ఇదే ఉంటది గదా.

పేరోల్ సార్, చాన చాన థాంక్స్. మా షాపుల సెలవుల జాబితా ఎక్కడ్నో లేదు. నోటీసు బోర్డు మీద ఆఫర్ల పోస్టర్లు, దొంగతనాలకు జరిమానా అనే కాగితం ఉన్నయి. ఓటీ సంగతి నాకు తట్టలే. శాలరీ స్లిప్‌ల బేసిక్, డీఏ కలిపి 13,000. మరి ఒక్క రోజు అంటే ఎంత?

---

పేరోల్_పాతకాపు | అక్టోబర్ 8, ఉదయం 8:40

నెలలో నాలుగు వారం సెలవులు తీసేసి 26తో భాగించడం ఎక్కువ చోట్ల ఉన్న పద్ధతి. 13,000ను 26తో భాగిస్తే 500. కొన్ని కంపెనీలు 30తో భాగిస్తాయి, అప్పుడు 433 వస్తుంది. డబ్బు వచ్చినప్పుడు ఆ అంకె చూడండి, ఏ లెక్క వేశారో తెలిసిపోతుంది. మీరు గైర్హాజరైతే కోత ఏ లెక్కన వేస్తున్నారో పాత స్లిప్పుల్లో చూసుకోండి. కోతకు ఒక భాగహారం, చెల్లింపుకు ఇంకో భాగహారం ఉంటే ఆ స్లిప్పే మీకు సాక్ష్యం.

మీరు బోరబండలో ఓటరా? బోరబండ జూబ్లీహిల్స్ నియోజకవర్గంలోకే వస్తుంది, అక్కడ ఉప ఎన్నిక పోలింగ్ నవంబర్ 11 అని మొన్ననే ప్రకటించారు. ఆ నియోజకవర్గంలో ఓటున్న ఉద్యోగికి పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బీ సెక్షన్. షాపు కూకట్‌పల్లిలో ఉన్నా సరే, మీ ఓటు ఎక్కడుందన్నదే చూడాలి. ఇవ్వని యజమానికి జరిమానా ఐదు వందల రూపాయల దాకానే, అది పెద్ద బెదురు కాదు. అయినా ఓటరు కార్డు జిరాక్సు జతచేసి ముందే రాసివ్వండి.

---

కండక్టర్అక్క | అక్టోబర్ 8, మధ్యాహ్నం 2:20

చెల్లె, నీది చదివి డ్యూటీ దిగంగనే రాస్తున్న. నేను సిటీల కండక్టర్‌ను. మాకు పండుగలంటేనే డ్యూటీ. నువ్వు బిల్లింగ్ కొట్టే రాత్రే నేను బస్టాండ్ల జనాన్ని స్పెషల్ బస్సులు ఎక్కిస్తున్న. స్పెషల్‌కు టికెట్ ఒకటిన్నర రెట్లు దాక ఉంటది, 2003ల వచ్చిన జీవో ఉన్నది దానికి, మేం ఎంత చెప్పినా ప్యాసింజర్లు మా మీదనే ఒర్లుతరు. ఊరికి పోయే వాళ్ళ సంచుల నడుమ నిలబడి టికెట్లు కొట్టిన మూడు దసరాలు నాకు ఇంట్ల జరగలే.

నేను బండి సంగతి ఒక్కటే చెప్త, అదే నాకు తెలిసింది.

మాకు తెల్లారగట్ల మొదటి ట్రిప్పు ఎక్కే వాళ్ళ కోసం స్టాఫ్ బస్సు తిరుగుతది. ఎవరు ఏడ ఎక్కుతరో, ఎన్నింటికి ఎక్కుతరో కాగితం మీద రాసి ఉంటది. ఆ కాగితం ఉన్నది గనకనే బస్సు వస్తది. "లేడీస్‌కు డ్రాప్ ఇస్తం" అని మీటింగ్‌ల అన్న మాట అట్ల కాదు, అది ఎవరికి గుర్తుండాలె? మీరు ఎంతమంది ఆడోళ్ళు రాత్రి షిఫ్టుల ఉంటరో, ఎవరు ఏడ దిగుతరో వరుసగ రాయండి. కూకట్‌పల్లి నుంచి మూసాపేట్, భరత్‌నగర్, మోతీనగర్, ఆఖరికి బోరబండ. డ్రైవర్ నంబర్ అందరి ఫోన్లల్ల ఉండాలె. తొమ్మిదిన్నర తర్వాత ఆ వ్యాన్ డెలివరీకి పోవద్దని రాయించండి.

ఇంకొక మాట గట్టిగ చెప్త. ఆఖర్ల దిగేది నువ్వే. అంటే వ్యాన్ వచ్చినా మోతీనగర్ దాటినంక నువ్వొక్కదానివే ఉంటవు. మాదాపూర్ దిక్కు సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబ్‌లల్ల ఆడపిల్ల ఆఖర్ల దిగేటట్టు ఉంటే సెక్యూరిటీ గార్డు తోడు ఎక్కుతడు. మీ షాపుకు గూడ సెక్యూరిటీ ఉంటడు గదా, ఆయనను ఎక్కించమను. షట్టర్ దించినంక ఆయనకు ఆడ పనేం ఉంటది?

మహాలక్ష్మి ఉన్నదని, ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్ళకు టికెట్ లేదని, ఇగ బండి ఎందుకని మీ సారు అంటే అనొచ్చు. పదిన్నర దాటితే బస్సులు పలచబడతయి, ఆయనకు అది తెలియకపోవచ్చు. జీరో టికెట్ ఉన్నంత మాత్రాన బస్సు ఉన్నట్టు కాదు.

---

కరీంనగర్_కిరాణం | అక్టోబర్ 8, రాత్రి 9:55

నేను అవతలి దిక్కు మనిషిని. కరీంనగర్‌ల కిరాణం, జనరల్ స్టోర్, పదకొండు మంది పని చేస్తరు. మా దిక్కు నుంచి గూడ ఒక మాట వినాలె.

పండుగ ముందటి నాలుగు దినాల అమ్మకం మాకు మామూలు పదిహేను దినాలతోని సమానం. ఆ నాలుగు దినాలు మనుషులు లేకుంటే షాపు మునుగుతది. అందుకే సెలవులు బంద్ పెడతరు, నేను గూడ పెడత. దాంట్ల కోపం పెట్టుకోవద్దు.

కాని ఒకటి నేర్చుకున్న. చాన ఏండ్లు నేను పండుగ డ్యూటీకి ఆడోళ్ళకు చీర, మొగోళ్ళకు ప్యాంటు బట్ట, ఒక స్వీట్ డబ్బ ఇచ్చేది. మంచిగనే చేస్తున్న అనుకున్న. ఒక దీపావళికి మా దగ్గర ప్యాకింగ్ చేసే అమ్మ చీర తీసుకోకుండ నిలబడి, "సేటూ, ఇది ఇచ్చి ఇంటి కిరాయి కట్టలేను గదా" అన్నది. అందరి ముందటనే అన్నది. ఆ రాత్రి నిద్రపట్టలే నాకు. ఆ తర్వాత నుంచి ఏం చేస్తున్ననంటే, పండుగ నాడు షాపు మధ్యాహ్నం ఒంటి గంటకు బంద్. వచ్చిన ప్రతి మనిషికి పూర్తి ఒక రోజు కూలి కవర్ల పెట్టి, ఆ రోజే, రిజిస్టర్ల సంతకం తీసుకొని చేతికిస్త. నెలాఖరు దాక ఆగితే వాళ్ళకు అది పండుగ పైసలు అనిపియ్యదు. రాత్రి తొమ్మిది దాటితే మా ఓమ్నిల నేనో, మా తమ్ముడో దింపి వస్తం. మా ఊరు చిన్నది, నాకు అయితది. హైదరాబాద్ల దూరాలు వేరే, నేను కాదంటలేను.

అమ్మా, నా సలహ: ముందుగాలనే లేబర్ ఆఫీస్ మెట్లు ఎక్కకు. ఒక్కదానివే గూడ పోకు. రాత్రి షిఫ్టోళ్ళు అందరు కలిసి ఒక కాగితం ఇయ్యండి. మీ మేనేజర్ గూడ జీతగాడే, ఆయన చేతిల పైసల అధికారం ఉండదు. ఆ కాగితం ఉంటే ఆయన పైకి పంపుతడు. ఏందని పైనోళ్ళు అడిగితే చూపెట్టడానికి ఆయనకు గూడ ఒక ఆధారం కావాలె.

---

పేరోల్_పాతకాపు | అక్టోబర్ 8, రాత్రి 10:30

సేటు గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క చేర్పు. కాగితం ఇచ్చి పదిహేను రోజులు ఆగండి. కదలిక లేకపోతే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి దగ్గరికి వెళ్ళండి. షాపుల తనిఖీ చేసేది ఆయనే. వెళ్ళేటప్పుడు హాజరు యాప్ స్క్రీన్‌షాట్లు, శాలరీ స్లిప్పులు, మీరు ఇచ్చిన కాగితం నకలు ఉండాలి. నకలు మీద షాపు వాళ్ళ ముద్ర గానీ సంతకం గానీ తీసుకోవడం మరవకండి. అది లేకపోతే "మాకేమీ ఇవ్వలేదు" అంటారు.

ఇంకా, మీ షాపు 24 గంటల అనుమతి తీసుకుందేమో కనుక్కోండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు కింద ఆ అనుమతి తీసుకున్న షాపులకు షరతులున్నాయి: రాత్రి పనికి ఆడవాళ్ళ దగ్గర రాతపూర్వక అంగీకారం, వాళ్ళ భద్రత, రాకపోకలకు బండి, పండుగ రోజు పనికి బదులు సెలవు. అనుమతి తీసుకుని షరతులు పక్కన పెట్టడం చాలాచోట్ల చూశాను.

---

జగిత్యాల_టు_దుబాయ్ | అక్టోబర్ 9, మధ్యాహ్నం 12:10

అక్కా, నేను దుబాయ్‌ల హైపర్‌మార్కెట్‌ల షెల్ఫ్ ఫిల్లింగ్ చేస్త, ఆరేండ్ల సంది. ఇక్కడి చట్టంల పబ్లిక్ హాలిడే నాడు పని చేయించుకుంటే బదులు రోజు సెలవు ఇయ్యాలె, లేకుంటే ఆ రోజు జీతం ఇచ్చి దానిమీద బేసిక్‌ల సగం తక్కువ కాకుండ ఇయ్యాలె. ఈద్‌కు మాకు పైసలే వస్తయి. బండి సంగతి అసలు లెక్కనే లేదు, క్యాంపు బస్సు రాత్రి రెండైనా ఆగుతది, ఆఖరి మనిషి ఎక్కేదాక.

ఇంటికాడ మా చెల్లె నిజామాబాద్ల బట్టల షాపుల చేస్తది. బతుకమ్మ సీజన్ల రాత్రి పదకొండింటికి నడుచుకుంట ఇల్లు చేరుతది. నేను ఈడ బస్సుల ఏసీ కింద కూసొని ఆమె "చేరిన" అనే మెసేజ్ కోసం చూస్త. నువ్వు అడుగు అక్కా.

---

కౌంటర్4_బోరబండ | అక్టోబర్ 23, రాత్రి 11:20

అందరికి చెప్పిన గదా, సంగతి రాస్తున్న.

అక్టోబర్ 11న కాగితం ఇచ్చినం. ఏడుగురం సంతకం పెట్టినం, అందుల ఇద్దరు మొగపిల్లలు. మొదలు ఇంగ్లిష్‌ల రాయిద్దామనుకున్నం. నేనే వద్దన్న, అడిగిన మాటకు జవాబు చెప్పాల్సింది మేమే గదా, మాకు వచ్చిన భాషల ఉండాలె. రెండు పేజీలు అయితే చదవరని ఒక్క పేజీల మూడు ముచ్చట్లు పెట్టినం. 2వ తారీఖు పని చేసిన పదకొండు మందికి ఒక రోజు వేతనం, లేకుంటే నవంబర్ 1 లోపల బదులు సెలవు తేదీ రాసియ్యాలె. రాత్రి పది దాటితే ఆడోళ్ళకు వ్యాన్, ఆఖరి స్టాప్ దాక సెక్యూరిటీ తోడు. సెలవుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాలె. వెనుక పేజీల కండక్టర్ అక్క చెప్పినట్టు దిగే స్టాపులు వరుసగ రాసినం. సారు నకలు మీద సంతకం పెట్టడానికి వెనకాడిండు. "సార్, ఇది మీ మీద కంప్లయింట్ కాదు, పైకి పంపుమని" అని చెప్తే పెట్టిండు.

14న ఏరియా మేనేజర్ వచ్చిండు. మమ్మల్ని స్టాక్ రూంల నిలబెట్టి మాట్లాడిండు. బియ్యం బస్తాల మధ్యన. మొదలు కోపంగనే ఉన్నడు, "ఎవరు చెప్పిన్రు మీకు ఇదంత" అన్నడు. నేను యాప్ తెరిచి, 6 నుంచి 9 దాక మూడుసార్లు పెట్టిన కాంప్ ఆఫ్ దరఖాస్తులు, మూడు ఎర్రగ ఉన్నవి చూపెట్టిన. నిజంగ చెప్తున్న, చెయ్యి వణికింది. ఫోన్ ఆయన చేతిల పెట్టిన. జరపుకుంట చూసిండు. ఆ తర్వాత గొంతు తగ్గింది. పైసలు అక్టోబర్ జీతంల కలుస్తయన్నడు.

దీపావళికి షాపు తొమ్మిదింటికే మూసిన్రు. వ్యాన్ గేటు ముందటనే ఉన్నది. సెక్యూరిటీ బాబాయి ముందు సీట్ల కూసున్నడు. ఆయనకు అరవై దాటినయి, ఆయన ఇల్లు అమీర్‌పేట్ దిక్కు, నన్ను దింపినంక మళ్ళ ఎట్ల పోతడని అడిగిన. వ్యాన్ ఆయనను దింపి పోతదంట. మా ఏడుగురిల ఎవరికి అది తట్టలే, కాగితంల రాయలే. ఈసారి రాయాలె.

మియాపూర్ తమ్మి, నా పేరు రోస్టర్ల ఉన్నది. నా కౌంటర్ మార్చిన్రు, నాలుగు నుంచి ఒకటికి. తలుపు పక్కన, దుమ్ము. అది ఎందుకు మార్చిన్రో నాకు చెప్పలే.

---

కండక్టర్అక్క | అక్టోబర్ 24, ఉదయం 6:40

బాబాయి సంగతి అడిగినవు చూడు, మంచిగ చేసినవు చెల్లె. దసరాకు ఆటోకు పెట్టిన నాలుగు వందలు వచ్చినయా?

---

కౌంటర్4_బోరబండ | నవంబర్ 13, రాత్రి 10:15

రాలే అక్కా. బిల్లు లేదనే అన్నరు. మూసాపేట్ చెల్లె నాకు నూట యాభై ఇచ్చింది, మిగతది నాదే.

5వ తారీఖు జీతం పడ్డది. స్లిప్‌ల కొత్త లైను ఉన్నది, "హాలిడే వేజెస్ 433". పేరోల్ సార్, మీరు చెప్పిన అంకెనే. 30తోనే భాగించిన్రు. పాత స్లిప్పులు తీసి చూసిన, జూన్ల ఒక రోజు రాకుంటే 500 కోసిన్రు. రెండు స్లిప్పులు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి మేనేజర్‌కు పంపిన. "పైన అడుగుత" అన్నడు. ఓటీ పైసలు ఎవరికి రాలే. దానికి వేరే కాగితం రాస్తున్నం, ఈసారి తొమ్మిది మందిమి.

11వ తారీఖు పోలింగ్‌కు సెలవు ఇచ్చిన్రు, జీతంతోనే. మా షాపుల జూబ్లీహిల్స్ ఓటున్నది నలుగురికి, నలుగురికి వచ్చింది. పొద్దుగాల్నే లైన్ల నిలబడ్డ. నాలుగేండ్లల్ల మంగళవారం నాడు ఇంట్ల పప్పుచారు వేడిగ తిన్నది అదే మొదలు.

సెలవుల జాబితా 3వ తారీఖు బోర్డు మీదికి వచ్చింది, ఆఫర్ల పోస్టర్ తీసి దాని జాగల పెట్టిన్రు. అక్టోబర్ 2 ఎదురుంగ "గాంధీ జయంతి / దసరా" అని ఒకటే గడిల రాసున్నది. రెండు సెలవులు అని లెక్కపెట్టి కింద మొత్తం వేసిన్రు. నేను వేలు పెట్టి లెక్కపెట్టిన, మొత్తంకు ఒక రోజు తక్కువ వస్తుంది.

కొత్త కష్టం ఒకటి. అదే 3వ తారీఖు నుంచి మెట్రో ఆఖరి రైలు 11 గంటలకే చేసిన్రు, ఇంతకు ముందు మామూలు దినాలల్ల 11:45 దాక ఉండేది. మా షట్టర్ 10:45కు దించుతరు, టాలీ అయ్యేసరికి పదకొండుంబావు. అంటే పండుగ కాకున్నా ఆఖరి దాక ఉండే రాత్రి షిఫ్టోళ్ళకు వ్యాన్ కావాలె ఇప్పుడు. వాళ్ళు ఒప్పుకున్నది పండుగ దినాలకే.

సంక్రాంతికి 14న భోగి, 15న సంక్రాంతి. 2026 జాబితా డిసెంబర్‌ల పంపుతరంట, దానికి ముందే మా మాట చెప్పాలె అనుకుంటున్నం. సూపర్‌మార్కెట్లల్ల, మాల్స్‌ల చేసేటోళ్ళు ఎవరన్న ఉంటే మీ షాపు జాబితల ఏ పండుగలు ఉన్నయో, మెట్రో టైం మారినంక మీకు బండి ఇస్తున్నరో లేదో రాయండి. కాగితంల పెట్టుకుంటం.